కోడళ్ల గాట్లు

జూన్ 3

నెలాఖరుకి హియరింగ్. ఓడిపోతే ఇల్లు ఖాళీ చేయాలి. అమ్మ మంచం పట్టి ఆరు నెలలైంది. ఆవిడని మోసుకుని ఏ వీధిలో నిలబడాలి?

కేసు వేసింది వరసకి అన్నయ్య అయ్యే పెద్దమనిషి. ఈ ఇల్లు కట్టిన వడ్రంగి మా రెండు కుటుంబాలకీ మూలపురుషుడు. ఆయన పెళ్లాడింది వాళ్ల ముత్తవ్వ ఒక్కదాన్నేనట. మా ముత్తవ్వ ఇంటి పనికి తెచ్చుకున్న పిల్లట. అందుకని మాకు వాటా లేదట. నూట యాభై ఏళ్ల కిందటి పెళ్లికి నేనిప్పుడు సాక్ష్యం తేవాలి. వాడి నోరు పడిపోను.

జూన్ 6

రికార్డు ఆఫీసుకి మళ్లీ వెళ్లాను. ఆ కాలం పుస్తకాలు చెమ్మకి ముద్దయిపోయాయని క్లర్కు ఆవలిస్తూ చెప్పాడు. ఇంటికొచ్చి ట్రంకుపెట్టె బోర్లించాను. పన్ను రసీదులు, ఎవరివో ఫోటోలు, ఒక వంశవృక్షం. అందులో అందరూ మగాళ్లే. ఒకరి కడుపున ఒకరు పుట్టినట్టు!

జూన్ 7

ఏమీ లేదు.

జూన్ 9

షాపులో మధ్యాహ్నం లాయరు ఫోన్. సాక్ష్యం లేకపోతే రాజీకి వెళ్లి, ఖాళీ చేయడానికి గడువు అడుగుదామన్నాడు. గడువు తర్వాత ఎక్కడికి అన్నాను. అది తన చేతుల్లో లేదన్నాడు. కుడుతున్న స్కూలు యూనిఫాం మీద కన్నీళ్లు పడితే మరక అంటుతుందేమోనని బాత్రూమ్‌లో ఏడ్చాను.

సాయంత్రం

అమ్మకి మందు తాగిస్తుంటే, పాత ద్వారబంధం మీద చూశావా అంది. ఏ ద్వారబంధం? మా వాళ్లంతా వడ్రంగులు. కొత్త కోడలు రాగానే గుమ్మానికి ఆనించి నిలబెట్టి, తల ఎంతవరకు వస్తే అంతవరకు ఉలితో గాటు పెట్టేవాళ్లట. పక్కన మొగుడి పేరు, సంవత్సరం. వంటింటి అరలు ఆ పిల్లకి అందే ఎత్తులో కొట్టడానికట. ఒక పక్క చెద పట్టిందని నాన్న దాన్ని పీకించాడు. రెండో పక్క చెక్క గట్టిగా ఉందని ఆ పెద్దమనిషి తండ్రి పట్టుకెళ్లి షెడ్డుకి స్తంభంగా పెట్టుకున్నాడట.

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అరిచాను. నువ్వు కాగితాలడిగావు, చెక్కలు అడిగావా అంది.

జూన్ 12

అన్నయ్య ఊళ్లో లేని రోజు చూసుకుని దొంగలా వెళ్లాను. తలుపు తీసింది పెద్దమ్మ, వాడి తల్లి. మొహం మీదే వేసేస్తుందనుకున్నాను. అంతా విని, షెడ్డు తాళంచెవి తెచ్చింది.

చెక్క నిండా సున్నం. తడిబట్టతో రుద్దితే గాట్లు ఒక్కొక్కటే తేలాయి. అన్నీ నా చెవుల ఎత్తుకి అటూ ఇటూ. ఇల్లు కట్టినాయన పేరుతో ఒక్కటే ఉంది, 1868. అది వాళ్ల ముత్తవ్వది. ఇక అంతా అయిపోయిందని మోకాళ్ల మీద కూలబడ్డాను. అప్పుడు కనపడింది, సరిగ్గా కళ్లకెదురుగా. అదే పేరు. 1874.

పెద్దమ్మని వాటేసుకున్నాను. ఆవిడ కదల్లేదు. "కోడలు కాకపోతే గాటెందుకు పెడతారే? పనిపిల్లని ఎవరు కొలుస్తారు?" అంది. కొడుక్కి ఏం చెబుతావంటే, ఉన్నదే చెబుతానంది.

తర్వాత టేపు పెట్టాను. నలభై అయిదు అంగుళాలు. రెండో తరగతి యూనిఫాం. ఈ వారమంతా నేను కుడుతున్నది ఆ సైజే.

జూన్ 13

లాయరు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. కేసు మనదే అన్నాడు. అమ్మ మాత్రం, అంత చిన్నపిల్లా అని అటు తిరిగి పడుకుంది.

జూన్ 21

అవతలి వాళ్ల జవాబు వచ్చింది. అంత ఎత్తు పిల్ల భార్య ఎలా అవుతుంది, పెంచుకున్న పనిపిల్లని సరదాగా కొలిచి ఉంటారు అని.

అదే నిజమైతే బాగుండుననిపించింది. పనిపిల్లే అయితే, ఊడ్చి, తోమి, అలిసిపోయి ఒక్కతే పడుకునేది. సిగ్గులేకుండా ఇన్నాళ్లూ ఆ పిల్లకి పెళ్లయి ఉండాలని మొక్కుకున్నాను. ఇప్పటికీ మొక్కుకుంటున్నాను. పెళ్లి కాకపోతే అమ్మ రోడ్డు మీద ఉంటుంది.

జూన్ 27

కోర్టు. ఆ గాటు ఎత్తున్న పిల్లకి జరిగింది పెళ్లేనా అని మా లాయరే అడిగాడు.

పెళ్లే అన్నాను.

జడ్జికి వినపడలేదు. గట్టిగా చెప్పమన్నారు.

మళ్లీ చెప్పాను.