నీ మంటే నాకూ వచ్చింది, నాయనా

నాయనా,

నీకుండిన గుండెల మంటే నాకూ వచ్చింది. పోయిన వారం బెంగళూరు ఆసుపత్రిలో దానికి వైద్యం చేసినారు. పొట్ట కోయలేదు. మత్తిచ్చి, నోట్లో నుంచి సన్నటి ట్యూబు దింపి, అన్నం గొట్టం అడుగున వదులైపోయిన కవాటాన్ని లోపల్నే బిగించినారు. మరుసటి రోజే కేజీయఫ్‌కి వచ్చేసినాను.

అందరూ అదృష్టం అంటా ఉండారు. నాకేమో ఒళ్లు మండిపోతా ఉండాది. నువ్వు పని చేసిన బంగారు మైన్స్ మూసేసినాంక పదేండ్లు ఆ మంటతోనే ఉండినావే, పడుకుంటే పుల్లటి నీళ్లు గొంతులోకి వస్తాయని గోడకానుకొనే కునుకు తీసినావే! యాడికి పోయినా "గ్యాస్ అప్పా, కారం తగ్గించు" అని తెల్ల మందు సీసా ఇచ్చి పంపినారు. నేనన్నా వేరే మాట చెప్పినానా? నీ కంచంలో ఊరగాయ తీసి పారేసి, "నోరు కట్టుకోలేవా?" అని అమ్మ ముందరే తిట్టినాను. నువ్వు "సరేలేమ్మా" అని ఉత్త మజ్జిగన్నం తిన్నావు. మంట మాత్రం తగ్గలేదు.

నాకు వైద్యం చేసే ముందు డాక్టరమ్మ అడిగింది, "మీ ఇంట్లో ఇంగ ఎవరికైనా ఇట్లా ఉండిందా?"

"మా నాయనకి."

"ఆయనకి ట్యూబు వేసి చూసినారా?"

"చూసినారు మేడం. అన్నం దిగడం నిలిచిపోయినాక చూసినారు. అప్పటికే క్యాన్సరు ముదిరిపోయింది."

ఆమె రాసేది ఆపి, నా భుజం మీద చెయ్యి వేసింది. మంచి మనిషే, నాయనా. అయినా ఆ చేతిని తోసేయాలనిపించింది నాకు.

నీ కూతురు,
రోసి