చుట్టల పెట్టెలో తడి

అశ్వారావుపేట,
ఆగస్టు 19

ప్రియమైన అబ్బాకు,

మీ సుమయ్య సలాములు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. అమ్మీ చేత అడిగిస్తే షాపులో గిరాకీ ఉందన్నారట. వానాకాలంలో బూర్గంపాడులో చుట్టలకు అంత గిరాకీ ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు. అందుకే ఉత్తరం. చింపకుండా చదవండి.

నాకు ఇక్కడ పామాయిల్ మిల్లు ఆఫీసులో పని దొరికింది. ఇక తిరిగి రాను. కానీ ఒక నిజం చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మన ఊరి సుబ్బరత్నం గారి తల్లి పున్నమ్మ పెద్దకర్మ రోజు మీరు మరిచిపోయి ఉండరు. ఆమె నలభై ఏళ్లు మన చుట్టే కాల్చింది, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. ఆమె ఫోటో ముందు పెట్టడానికి పాతిక చుట్టలు కావాలని పది రోజుల ముందే చెప్పారు. మీరు మంచివి ఏరి టేకు పెట్టెలో దాచారు. బంధువులందరి ముందు మూత తీస్తే చుట్టల నిండా తెల్లటి బూజు. మీరు నా వైపు తిరిగి "తడిగుడ్డ ఎవరు పెట్టిండ్రు?" అని అడిగారు. నేనే పెట్టానన్నాను. "నీకు చుట్ట మీద చెయ్యి పెట్టే తెలివి లేదు. రేపటి సంది షాపు గడప తొక్కకు" అన్నారు.

అబ్బా, ఆ గుడ్డ పెట్టింది నేను కాదు.

ఎండాకాలంలో పెట్టెలో తడిగుడ్డ లేకపోతే చుట్ట పెళుసుబారి పొడి రాలుతుంది. వానాకాలంలో గోదారి గాలే చాలు, గుడ్డ తీసేయాలి. ఇది మీరు నేర్పిందే. నేను కొన్న తేమ మీటరు అరవై ఐదు దగ్గర నిలిస్తే చుట్టకు మంచిదని చెప్పేదాన్ని. "మీటరు చుట్ట తాగుతదా? నా వేళ్లు చెప్తయి" అని మీరు నవ్వేవారు. పెద్దకర్మకు ముందు వారం మీటరు ఎనభై రెండు చూపింది. పెట్టె తీస్తే గుడ్డ నుంచి నీళ్లు కారుతున్నాయి. పిండి బయట ఆరేశాను. మరునాడు మీరు మళ్లీ తడిపి పెట్టారు. ఒక చుట్టను వేళ్ల మధ్య నలిపి, "ఎండిపోయినయ్ బిడ్డా, కట్టెల లెక్కున్నయ్" అన్నారు. అది నా చేతికి ముద్దలా తగిలింది. అప్పుడు మీ చేతులు చూశాను. బొటనవేలి మీద పెద్ద బొబ్బ. ఎప్పుడు కాలిందో మీకే తెలియదు. షుగర్ మీ వేళ్లను తినేసింది అబ్బా. అడవి ఊళ్ల నుంచి కూడా మనుషులు మీ చేతిని నమ్మి వస్తారు. ఆ చేతికి ఇక స్పర్శ లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పెట్టె మూసి ఊరుకున్నాను. అంతవరకు తప్పు నాదే.

అందరి ముందు తిట్టినందుకు నేను ఏడవలేదు. ఆ తర్వాతయినా, నిజంగా నువ్వేనా అని ఒక్కసారి అడగనందుకు ఏడ్చాను.

నన్ను పిలవకపోయినా సరే. దవాఖానాకు వెళ్లండి. చెప్పులు లేకుండా నడవకండి.

మీ బిడ్డ,
సుమయ్య

బూర్గంపాడు,
సెప్టెంబరు 12

నా బిడ్డ సుమయ్యకు,

అహ్మద్ పాషా దువా. చేతిరాత చూసి కంగారుపడకు. నేను చెబుతుంటే మీ అమ్మీ రాస్తోంది. కలం నా వేళ్ల మధ్య ఉందో జారిపోయిందో నాకు తెలియడం లేదు.

దవాఖానాకు వెళ్లాను. ఎడమ కాలి వేళ్లు రెండు తీసేశారు. కాలి మీద పుండు ఎన్నాళ్లుగా ఉందని డాక్టర్ అడిగితే చెప్పలేకపోయాను.

నువ్వు రాసింది నాకు కొత్త కాదు. పెట్టె మూత తీసినప్పుడే తప్పు ఎవరిదో తెలుసు. తెలిసే నిన్ను అడిగాను. నా చేతివేళ్లకు స్పర్శ పోయి ఏడాది దాటింది. గిరాకీల ముందు చుట్టను నలిపి, తల ఊపి, నటిస్తూ వచ్చాను. నువ్వు తప్పు నీ మీద వేసుకోగానే బరువు దిగినట్టయింది. వెంటనే భయమేసింది. షాపులో ఉంటే నువ్వు రోజూ నా చేతులు చూస్తావు. అందుకే పంపేశాను. ఈ మాట దగ్గర మీ అమ్మీ కలం కింద పెట్టి లేచి లోపలికి వెళ్లింది. గంట తర్వాత వచ్చింది. మళ్లీ కలం పట్టింది.

నిన్న భద్రు ఆటోలో సుబ్బరత్నం ఇంటికి వెళ్లాను. తప్పు నాదని, బిడ్డది కాదని చెప్పాను. ఆయన కుర్చీ వేసి, "అవ్ పాషా, మాకు గప్పుడే ఎరుకైంది. నువ్వు అడిగినప్పుడు పిల్ల పెట్టె దిక్కు సూడలే, నీ దిక్కే సూసింది. నీకు సిగ్గయితదని ఎవ్వలం అనలే" అన్నాడు. ఊరందరికీ తెలిసినదాన్ని దాచడానికి నేను నిన్ను ఊరు దాటించాను.

షాపు మూసే ఉంది. నిన్ను రమ్మని రాయమంటే మీ అమ్మీ రాయనంటోంది. "పంపింది మీరు. మీరే పోయి పిలుసుకరాండ్రి" అంటోంది. కాలి కట్టు విప్పగానే వస్తాను. మిల్లు గేటు దగ్గర నిలబడతాను. నువ్వు బయటికి రాకపోయినా సాయంత్రం దాకా అక్కడే ఉంటాను.

నీ అబ్బా,
అహ్మద్ పాషా