గంట తాడు ఇంకా ఇవ్వలేదు

అమ్మా, నేను క్షేమం, వేళకు తింటున్నాను. ఊరివాళ్లకే నా మీద ఇంకా నమ్మకం కుదరలేదు. నాకు ముందున్న పాస్టరు ఏడాది తిరక్కుండానే పట్నం చర్చికి వెళ్లిపోయాడట. నిన్న బల్ల ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం తీసుకున్నాక, ఆనవాయితీ ప్రకారం ఒకరి కాళ్లు ఒకరం కడుగుతున్నాం. నేను వంగగానే సంఘపెద్ద తన కాళ్లు వెనక్కి లాక్కున్నారు.

"నువ్వూ పారిపోనని బైబిలు మీద ఒట్టెయ్యి, అప్పుడు కడుగుదువుగాని."

"మనం మెన్నొనైటు సంఘంవాళ్లం తాతా, దేని మీదా ఒట్టు వెయ్యం. ఉంటానంటే ఉంటాను."

"ఆ ముక్క గుర్తుందన్నమాట. ఆ వెళ్లిపోయిన పాస్టరు అడగ్గానే ఒట్టేశాడు," అని కాళ్లు చాపారు.

సాయంత్రం చర్చి తాళంచెవి ఇచ్చారు. గంట తాడు మాత్రం విప్పి తన ఇంట్లోనే పెట్టుకున్నారు.

నాన్న మోకాలినొప్పి తగ్గిందా? వంటింటి కప్పు కారడం ఆగిందా? నా పాత రబ్బరు చెప్పులు పంపు, ఇక్కడంతా బురద. పట్నం చర్చిలో ఉద్యోగం గురించి మామయ్య మళ్లీ అడిగితే "చూద్దాం" అనకు, రాడని చెప్పెయ్. ఇక్కడి పోస్టుమాను సంఘపెద్దకు అల్లుడు, కార్డు చదవకుండా పంపడు. అందుకే కవరు కొనలేదు.

అందరికీ వందనాలు, పోస్టుమాను గారికి కూడా.

నీ చిన్నోడు