ఆదివారానికి మోడల్

గురువారం, హమద్ టౌన్

ఆదివారం నెయిల్ టెక్నీషియన్ లైసెన్సు పరీక్ష. థియరీకి భయం లేదు. ప్రాక్టికల్‌కి మాత్రం గోళ్లకు పాలిష్ వేయించుకునే మోడల్‌ని మనమే తీసుకెళ్లాలి. మా సెలూన్‌లో అందరికీ ఆ రోజు డ్యూటీ. పక్క గది రెహానా వస్తానంది. నమాజు ముందు వజూకని కాళ్లూ చేతులూ కడుక్కునేటప్పుడు నీళ్లు గోళ్లకు తగలాలని తను మామూలుగా పాలిష్ వేసుకోదు. నమాజు లేని నెలసరి రోజుల్లోనే వేయించుకుంటుంది. ఆదివారానికి సరిపోతుందని లెక్క చూసి తనే చెప్పింది.

సాయంత్రం ప్రాక్టీసుకని గోళ్లు ఫైల్ చేస్తుంటే మెల్లగా అంది: "ఇంకా రాలేదక్కా. ఎన్నడూ ఇట్ల కాలే."

"టెన్షన్‌కేమో" అన్నాను.

"పరీక్ష నీది గదా, నాకేం టెన్షన్?" అని నవ్వింది. "మా ఆయనకు ఇంకా చెప్పలే. నువ్వు కూడా మీ దేవునికి మొక్కక్కా."

తనకు పెళ్లయి ఆరేళ్లు, ఇంకా పిల్లల్లేరు. "అలాగే" అన్నాను. మిగిలిన వేళ్లు కూడా పూర్తి చేశాను, షేపు బాగానే కుదిరింది.

నెలసరి వస్తే నాకు మోడల్ ఉంటుంది. రాకపోతే తనకు బిడ్డ.

ఇందాక దేవుడి పటం ముందు దణ్ణం పెట్టుకున్నాను. ఏదీ అడగకుండానే లేచి వచ్చేశాను.