సులోచన మంచం మార్చమని మనవి

భవాని పేట్,
షోలాపూర్.

గౌరవనీయులైన ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కాలిన గాయాల వార్డులో మందులకు లొంగని క్రిమి వ్యాపించుట – నా భార్యను వేరు గదికి మార్చుట – గురించి.

టవల్ కార్ఖానాలో మగ్గము నడుపు పాండురంగ్ అను నేను సవినయముగా మనవి చేయునదేమనగా (మరాఠీ మాట్లాడగలను గాని రాయలేను, తమరు తెలుగువారని విని తెలుగులో రాయుచున్నాను):

1. గత నెల రంగుల షెడ్డులో మరుగుచున్న కాగు తిరగబడి నా భార్య సులోచన నడుము నుండి పాదముల వరకు కాలినది. తమ వార్డులో రెండవ నంబరు మంచము ఆమెది. పది దినములు గాయము మానుచుండెను. పదకొండవ దినము చీము పట్టినది. రిపోర్టు చూసి డాక్టర్ అభిజిత్ గారు, "కాకా, ఆతా ఔషధ్ చాలత్ నాహీ" అన్నారు. ఇక ఏ మందూ పనిచేయదని. ఆ దినము నాకు మరాఠీ అర్థము కాకపోయిన బాగుండుననిపించినది.

2. వార్డులో ఆరు మంచములకు చేతులు కడుగు నల్లా ఒక్కటి. దానికి సబ్బు లేదు. కట్లు మార్చు బండిని తుడవకుండానే ఒక మంచము నుండి ఇంకొక మంచమునకు తోయుచున్నారు. రెండు పర్యాయములు లిఖితపూర్వకముగా తెలిపితిని. స్వీకరించినట్లు ముద్ర వేసిరి. ముద్ర చక్కగా పడినది. సబ్బు రాలేదు.

3. వార్డు చివర వేరుగా ఉంచు గది ఉన్నది. అందులో విరిగిన మంచములు, పాత కూలర్లు వేసి తాళము పెట్టిరి. తాళంచెవి గుమాస్తాతో పాటు సెలవులో పోయినదట. క్రిమికి సెలవు లేదు.

4. ఈ అంశము రాయవద్దని మావాళ్లు మొత్తుకున్నారు. రాస్తున్నాను. మా పేటలో జబ్బుపడ్డవాళ్లను పలకరించడానికి పోతే చేతిలో టవల్ పెట్టడం మర్యాద. నేను నేసినవే పన్నెండు తెచ్చి, ఆరు మంచాలకూ తలా రెండు ఇచ్చాను. అందరూ మెచ్చుకుంటే పొంగిపోయాను. మాసినవి పోగుచేసి ఇంట్లో ఉతికి తెచ్చేవాణ్ని. ఆరతి సిస్టర్ మా పేట పిల్లే. "మామా, ఇవి ఖళఖళ మరిగే నీళ్లల్ల ఉడకబెట్టాలె. ఉత్తగ పిండుకొస్తె నడ్వది" అని చెప్పింది. సరేనన్నాను. ఉడకబెట్టలేదు. ఉడకబెడితే ఎర్ర అంచు రంగు దిగి తెలుపంతా పాడవుతుంది. నేసినవాడి చేతులకు అది చేతకాదు. అన్నీ ఒకే బకెట్టులో చన్నీళ్లతో జాడించి, ఎవరివి ఎవరికో ఇచ్చాను. ఐదో మంచం సుందరాబాయికి అదే క్రిమి పట్టి, సోమవారం పోయింది. ఆమె మెడ కింద నా టవలే ఉంది. అంచు రంగు కొంచెం కూడా దిగలేదు. ఇందులో బండి తప్పెంతో, నల్లా తప్పెంతో, నా తప్పెంతో తమరే తేల్చండి. నా వల్ల కావడం లేదు.

5. మూడో మంచంలో ఋతుజ అనే పద్దెనిమిదేళ్ల పిల్ల ఉంది. చేతులు కాలాయి. నిన్నటి వరకు ఆమె రిపోర్టులో ఏమీ లేదు. వేళ్లు కదిలించాలని డాక్టరు చెప్పినందుకు, సులోచన ఆ పిల్లకు తెగిన పోగు ముడివేయడం నేర్పుతోంది. పోగు ఎక్కడిదనుకున్నారు? తన కట్టులోంచి లాగినదే. వద్దంటే వినదు. మంచం మారుద్దామా అంటే, "నన్ను ఒక్కదాన్ని ఏడనో పడెయ్యకయ్యా. ఆ పోరి పక్కకుంటే జర పానం నిమ్మలముంటది" అని ఏడుస్తుంది.

కావున అయ్యా, సులోచన బతుకుతుందన్న ఆశ నాకు లేదు. ఆ పిల్లైనా ఇంటికి పోవాలి. తాళము పగులగొట్టించి నా భార్యను ఆ గదిలోకి మార్పించ ప్రార్థన. నేను అడిగినట్టు మాత్రం ఆమెకు తెలియనివ్వకండి.

ఆలస్యము చేయక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పాండురంగ్

తా.క.: అర్జీ జేబులో పెట్టుకుని వార్డుకు వచ్చాను. ఋతుజ రిపోర్టు వచ్చింది. ఆ పిల్లకూ అదే క్రిమి. పైన నా భార్యను మార్చమని రాసిన చోట ఇద్దరినీ అని చదువుకోండి, మిగిలినవాళ్లనైనా కాపాడండి. గది మారాలని, ఋతుజ కూడా నీతోనే వస్తుందని సులోచనకు చెప్పాను. "గట్లయితే నాకేం భయం" అని నవ్వింది. కాలినప్పటి నుంచి ఆమె నవ్వడం ఇదే మొదలు. ఆ పిల్ల ఎందుకు వస్తుందో నేను చెప్పలేదు.