అల్లాబకాష్ పేరు పక్కన రాసిన మాట

మలాజ్, రియాద్
గురువారం

మా తల్లి హాజిరాకు,

అస్సలాము అలైకుమ్. అల్లా దయవల్ల నేనూ మీ నాన్నా ఇక్కడ కులాసా. నువ్వూ అల్లుడూ బాగుండాలని అయిదు పూటలా వేడుకుంటున్నాను. నువ్వు పంపిన కారప్పొడి అందింది. "బెంగుళూరు నీళ్ళు తాగినా పిల్లది కడప చెయ్యే" అంటూ మీ నాన్న ఖుబూస్ రొట్టెలోకి కూడా అదే నంజుకుంటున్నారు.

ఆయన మోకాలి సంగతి అడిగావు. బండి నడిపేటప్పుడు నొప్పి ఉండదట, నమాజులో వంగితేనే పట్టేస్తుందట. కుర్చీలో కూర్చుని చదవమంటే వినరు.

రెండు నెలలుగా వెబ్‌సైట్‌లో నా మార్పు ఒక్కటీ లేదేమని కూడా అడిగావు. ఫోనులో కళ్ళు మసకలన్నాను. నా కళ్ళు బాగానే ఉన్నాయి.

పదో తరగతి చదివిన నాకు నువ్వు కోడ్ నేర్పితే ఎంత పొంగిపోయానో! గల్ఫ్‌లో జాడ తెలియనివాళ్ళను ఇంటివాళ్ళు వెతుక్కునే సైటు. ఎవరైనా తెరిచి బాగుచేయవచ్చు, జీతం లేని సేవ. అందులో తెలుగు మాటలన్నీ నావే. నేను పంపినవి హుఫూఫ్ నుంచి జనార్దన్ చూసి ఎక్కించేవాడు. "ఆంటీ, మీరొక్క కామా మింగితే సైటంతా పడకేస్తుంది" అని నవ్వేవాడు. "రోజా ఉన్నాను నాయనా, ఏమీ మింగను" అనేదాన్ని.

కామా ఎన్నడూ తప్పలేదు. ఒక మాట తప్పింది.

మనిషి ఆచూకీ చూపే చోట 'చనిపోయారు' అని రాయాలి. ఏ తల్లి చదువుతుందోనని చెయ్యాడక 'వెళ్ళిపోయారు' అని రాశాను. మన పెద్దలు అలాగే అంటారు కదా. ఇక్కడ ఎగ్జిట్ వీసా మీద ఊరికి పోయినవాణ్ణి కూడా వెళ్ళిపోయాడనే అంటామని నాకు తట్టలేదు. జనార్దన్‌కూ తట్టలేదు.

రాయచోటి దగ్గర ఖాసింబీ అని ఒకామె ఉంది. ఆమె కొడుకు అల్లాబకాష్ తాయిఫ్‌లో తోటపని చేసేవాడు. వాడి ఫోన్లు ఆగిపోతే పక్కింటి పిల్లచేత సైటు చూపించుకుంది. కొడుకు పేరు పక్కన నా మాట ఉంది. బిడ్డ బయలుదేరాడనుకుని పందొమ్మిది రోజులు బస్సులకు ఎదురుపోయింది. వాడొస్తే కోద్దామని కోడిని గంప కింద ఉంచింది. ఆమె ఫోన్ నంబరు మారింది. మట్టి చేసే కాగితాల మీద ఆమె సంతకం కోసం చూసిన మన సైటు సంస్థవాళ్ళేమో, ఆమె సైటులో చూసి కూడా పలకడం లేదనుకున్నారు. అన్నాళ్ళూ వాడు మార్చురీలో ఉన్నాడు. మయ్యత్‌ను మనం ఒక పూట కూడా నిలపం కదమ్మా. చివరికి ఊరి మనిషి ఒకడు కబురు చేస్తే సంతకం వచ్చింది. ఇక్కడే మట్టి చేశారు.

విన్న రోజే మాట మార్చాను. మార్పుకు కారణం రాసేచోట 'అచ్చుతప్పు' అని రాశాను. ఆ అబద్ధం నా పేరుతో అక్కడ అలాగే ఉంది.

అంతటితో ఆగలేదు. ఖాసింబీని ఫోనులో పరామర్శించమని సంస్థవాళ్ళు నాకే అప్పగించారు.

"ఆ మాట రాసిండేది ఎవురక్కా?" అంది.

"కంప్యూటరమ్మా."

"అదేలే. మనిషైతే అట్ల రాస్తాడా?"

అప్పటినుంచి జుమ్మా జుమ్మాకూ తనే ఫోన్ చేస్తుంది. "నన్ను అడిగే దిక్కు నువ్వొక్కదానివే అక్కా. నీ కూతురు కడుపు పండాలని దువా చేస్తాండా" అంటుంది.

నెల తప్పిందని నువ్వు రాశావు. ఆ శుభవార్తకు ఇంతసేపూ జవాబు రాయలేదని నొచ్చుకోకు. చదవగానే సంతోషం కంటే ముందు భయమేసింది తల్లీ. ఎవరి దువా అది, ఎవరి ఒళ్ళోకి వచ్చింది?

సైటులో అసలు కారణం రాసి జనార్దన్‌కు పంపాను, నా పేరు తీయవద్దన్నాను. రేపు జుమ్మా. ఆమె చేయకముందే నేనే ఫోన్ చేస్తాను. నీ సంగతి ఎత్తను. ఆ మాట రాసింది మనిషేననీ, ఆ మనిషిని నేనేననీ చెబుతాను. ఆ తరవాత ఆమె నోటి నుంచి ఏది వచ్చినా వింటాను. దువా ఆగిపోతే మాత్రం, నీకు ముందుగా చెప్పలేదని అనకు.

బరువులెత్తకు. వేళకు తిను.

ఇట్లు,
నీకు నిజం ఆలస్యంగా చెప్పిన
అమ్మ