చాపులో సగం

11 జూన్ 1962
ఆఫీసులో ఇవాళా అదే బల్ల. యాదగిరి కాల్వ కొలతలు పైకి చదువుతాడు, నేను శుద్ధప్రతిలో సరిచూస్తాను. ఒక అంకె మళ్లీ చదవమన్నాను. తప్పేమీ లేదు. ఆ గొంతు కోసమే.

19 జూన్
మధ్యాహ్నం వాన. హాలియా బజారంతా ఖాళీ. ఆఫీసరు కాల్వ మీద, జవాను బువ్వకు. నక్షాల గది తలుపు దగ్గరికి వేసింది అతడే. మెడ మీద అతడి ఊపిరి... ముందు ఎవరి చెయ్యి కదిలిందో చెప్పలేను. ఇంత ఆకలి నాలో ఎక్కడ దాక్కుందో! సిగ్గు లేదు. భయం తర్వాత వచ్చింది.
"జర మెడ తుడుసుకో సత్తన్నా, సిరా అంటింది" అన్నాడు బయటికొచ్చి. అతడి బొటనవేలి సిరా.

20 జూన్
తుడవలేదు.

8 జూలై
పెళ్లి కుదిరిందట. శ్రావణంలో.
"బాపు మాటిచ్చిండు. నేనేం జెయ్యాలె, నువ్వే జెప్పు" — కిటికీ వైపు చూస్తూ అన్నాడు.
"మంచిదే" అన్నాను. పాడు నోరు.

22 జూలై
ఇంట్లో. యాదగిరి పెళ్లికని నాయిన పంచెల చాపు నేశాడు. రెండు పంచెలూ ఇంకా విడదీయలేదు, నడుమ నేయని పోగులు.
"చాపు చాపే పెట్టాలె బిడ్డా. ఒంటి పంచె పీనుగ మీదికే." మగ్గం కింద పుట్టిన నాకు తెలియదా!
అయినా బస్సెక్కే ముందు కత్తెర పెట్టాను. ఒకటి అతడికి, ఒకటి నాకు. ఆ ఇద్దరి జంటకు మొత్తం ఇవ్వబుద్ధి కాలేదు.

14 ఆగస్టు
పెళ్లి. పొట్లం విప్పి "ఇంకోటేది?" అని నవ్వాడు. సేద్యపు ఇంటివాడు, మా పట్టింపులు తెలియవు.
"నా తాన్నే ఉంది."
నవ్వు ఆగిపోయింది. మడత మీద చెయ్యి అట్లాగే ఉంచాడు. ఎవరో పిలిచారు. వెళ్లాడు.

3 సెప్టెంబరు
యాదగిరికి అచ్చంపేట బదిలీ. తానే అడిగి వేయించుకున్నాడట. నాతో ఒక్క మాట లేదు.

20 సెప్టెంబరు
కొత్తాయన చదువుతున్నాడు. నాకు వినిపించేది యాదగిరి గొంతే. కొత్తాయన ఆపినా అది ఆగదు... ఇవాళ మెడ తడుముకున్నాను, అందరి ముందూ.

9 అక్టోబరు
అచ్చంపేట జవాను వచ్చాడు. "యాదగిరి సార్‌కు అడవి జరం. దవాఖానల ఏసిన్రు. మనిషిని గుర్తువడ్తలేడు."
ఒంటి పంచె... చదువుకున్నవాణ్ణి, ఇవన్నీ నమ్మను.

10 అక్టోబరు
నా పంచె సంచిలో పెట్టుకున్నాను. జత కలిస్తే బతుకుతాడా? వట్టి పిచ్చి. కల్వకుర్తిలో బస్సు మారాలి.

11 అక్టోబరు
దవాఖాన వరండాలో అతడి భార్య. నేను పేరు చెప్పకముందే లేచి నిలబడింది.
"మీరే గదా సత్తన్న? జరంల గదే కలవరింత — రెండోది సత్తన్న తానుంది, తెమ్మను అని. ఏందన్నా గది?"
సంచి దగ్గరికి లాక్కున్నాను. తలుపు సందులోంచి మంచం కనిపించింది. దుప్పటి కాళ్ల దగ్గర పడి ఉంది. గుండెల మీదికి కప్పుకున్నది ఆ పంచే.
ఆమె నీళ్లకు పోయింది. ఇక్కడే కూర్చుని రాస్తున్నాను. సంచి ఒళ్లో ఉంది. ఇది అతడి మీద వేస్తే ఆమెకు తెలిసిపోతుంది. వేయకపోతే...
చెంబుతో తిరిగొస్తోంది. నా సంచి వంకే చూస్తోంది.
"తెచ్చిన్రా అన్నా?"